చర్చి మెట్ల మీద జోకరు ముఖాలు

మా ముత్తాత కోట ఊరికి తూర్పున సముద్రం దాకా ఉన్న ఉప్పు పండించే కొఠార్లకు యజమాని. ఊళ్ళో చర్చికి స్థలమిచ్చి, సున్నం గానుగ పక్కన ఎండలో నిలబడి గోడలు లేపించినవాడు. మా తాత తాలూకా బోర్డు మెంబరు. పెద్ద అధికారులు ఈ వైపు వస్తే వాళ్ళ గుడారం దగ్గరికి ఆయన వెళ్ళేవాడు కాదు, వాళ్ళే మా వసారాలోకి వచ్చి కూర్చునేవారు. మా నాన్న బతికినంత కాలం సంఘ పెద్ద. ఆయన లేచి నిలబడితే తప్ప ఆరాధనలో చివరి పాట మొదలయ్యేది కాదు. ఆ ముగ్గురి తర్వాతివాణ్ణి నేను. నాకు కొఠార్లు లేవు, బోర్డు లేదు. చర్చిలో నాలుగో వరసలో కూర్చుంటాను. అయితే బెంచీకి వీపు ఆనించి కూర్చోను. మా ఇంట్లో ఎవరూ అలా కూర్చోలేదు.

ముత్తాత కట్టించిన ఇల్లు మాకు మిగిలింది. దాని వీధి వాకిలికి బర్మా టేకు తలుపులు. తలపాగా చుట్టుకున్న మనిషి కూడా తల వంచకుండా లోపలికి రావాలని వాటిని అంత ఎత్తున చేయించాడట. చిన్నప్పుడు వాటి మీద చెక్కిన ద్రాక్ష గుత్తుల్ని వేళ్ళతో తడుముతూ నేను లెక్కలు నేర్చుకున్నాను.

ఇంటితో పాటు ఇంకొకటి కూడా మిగిలింది. దాని గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను.

క్రిస్మసు ఉదయం ఆరాధన ముగిశాక చర్చి పడమటి మెట్ల మీద మా ఇంటి పెద్ద నిలబడి పిల్లలకు మిఠాయి పంచాలి. ఆ పద్ధతి పెట్టింది ముత్తాతే. చర్చి పిల్లలే కాదు, పల్లె నుంచి వచ్చిన జాలరి పిల్లలు కూడా వరసలో ఉంటారు. వాళ్ళు గుడికి వెళ్ళే ఇళ్ళవాళ్ళయినా ఆ రోజు మా మెట్ల దగ్గరికి రావడం వాళ్ళకూ మామూలే. దీనికి కొన్ని నియమాలు ఉన్నాయి. మిఠాయి మా వంటింట్లోనే తయారు కావాలి, అంగడిలో కొన్నది పనికిరాదు. పాకం మా రాగి గంగాళంలోనే పట్టాలి. పంచేవాడు కూర్చోకూడదు. పిల్ల రెండు చేతులూ చాపితే మనం కూడా రెండు చేతులతో పెట్టాలి. చివరి పిల్ల చేతిలో పడేదాకా మా ఇంట్లో ఎవరూ రుచి చూడకూడదు.

ముత్తాత నేతి లడ్లు పంచాడని చెబుతారు. తాత కాలానికి అవి సున్నుండలయ్యాయి. నాన్న చేతికి వచ్చేసరికి తుపాన్లు ఉప్పు మళ్ళను ముంచాయి, ఆ తర్వాత టైగరు రొయ్యల మోజులో మిగిలిన పొలాన్ని గుంటలుగా తవ్వించి తెల్లమచ్చ తెగులుకు అప్పగించాం. సున్నుండల స్థానంలో బెల్లం పాకంలో వేసిన వేరుశనగ ఉండలు వచ్చాయి. నేనూ అవే పంచుతూ వచ్చాను. ఉండ చిన్నదయినా పాకం మాత్రం తప్పలేదు. పళ్ళెంలో నీళ్ళు పోసి చుక్క పాకం వేస్తే అది ఏ శబ్దం చేస్తుందో నాకు మా అమ్మ నేర్పింది. ఆ శబ్దం ఈ తీరంలో నాకంటే బాగా తెలిసినవాళ్ళు ఉన్నారని నేననుకోను.

కిందటేడు క్రిస్మసు మధ్యాహ్నం చర్చి ఆవరణలో ఇసుక మీద కాకులు మూగాయి. ఏమిటా అని చూస్తే మా వేరుశనగ ఉండలు. కొన్ని ఒక కొరుకు కొరికి పారేసినవి, కొన్ని కొరకనే కొరకనివి. మా ఆవిడ వంగి ఏరబోతే వద్దన్నాను. మా చేత్తో ఇచ్చింది మా చేత్తో తిరిగి తీసుకునే వాడుక లేదు.

అది చూసినవాళ్ళలో హేచరీ యజమాని ఒకడు. ఆయన తండ్రి మా కొఠార్లలో మేస్త్రీ. ఈయన రొయ్య పిల్లల వ్యాపారంలో బాగా సంపాదించాడు. ఇప్పుడు చర్చికి లైట్లు, మైకు, కొత్త రంగు అన్నీ ఆయనవే. మనిషి చెడ్డవాడు కాదు. నన్ను చూస్తే ఈనాటికీ లేచి నిలబడతాడు. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవడం నాకు కష్టంగా ఉంటుంది.

ఈ ఏడు అక్టోబరులో పాస్టరుగారి ఇంటి వసారాలో సంఘం కమిటీ కూర్చున్నప్పుడు ఆయనే ఆ మాట ఎత్తాడు.

"అన్నా, ఏమనుకోబాక. పిల్లోళ్ళు ఇప్పుడు ఆ ఉండలు తినేది లేదు. కొరికితే పన్ను ఊడిపోద్దని నవ్వుకుంటుండారు. నేను నెల్లూరు నించి మంచి చాక్లెట్లు తెప్పిస్తా. డబ్బాలకు డబ్బాలు."

"పన్ను ఊడే వయసు పిల్లలకు ఎటూ ఊడుతుంది," అన్నాను.

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వాడు, కానీ మాట వెనక్కి తీసుకోలేదు.

"కాకులకు పెట్టేదానికి మీరు అంత కష్టపడేది దేనికన్నా? మెట్టు మీద మీరే నిలబడండి, సరుకు నేనిస్తా."

"సరుకు నీదయితే మెట్టు కూడా నీదే," అన్నాను.

పాస్టరుగారు వయసులో చిన్నవాడు, ఇద్దరికీ నొప్పి తగలకుండా మాట్లాడాలని చూస్తాడు. చివరికి ఆయన తేల్చింది ఇది. ఈ క్రిస్మసుకు మా ఇంటి మిఠాయే. పిల్లలు ఈసారి కూడా ఇసుకలో పారేస్తే, వచ్చే ఏడు నుంచి మెట్టు హేచరీ ఆయనది. నేను సరేనని లేచాను. ఇంటికి నడిచి వస్తుంటే ముత్తాత నుంచి నా దాకా ఎవరి చేతుల్లోనూ జారనిది నా చేతిలో జారబోతోందన్న సంగతి అడుగడుగునా తెలుస్తూనే ఉంది.

మా ఇంటి ముందు గదుల్లో అప్పటికి ఏడాదిగా ఒక మెక్సికో దేశస్థుడు ఉంటున్నాడు. హేచరీలో తల్లి రొయ్యల సంగతి చూసే నిపుణుడు. ఇప్పుడు మా తీరమంతా పెంచుతున్న వనామీ రొయ్యకు పుట్టిల్లు ఆయన దేశపు పడమటి సముద్రమేనట. ఆయనను నేను అతిథి అంటాను.

"అద్దె ఇచ్చే అతిథి," అంటుంది మా ఆవిడ.

హేచరీలో కుర్రాళ్ళు ఆయనకు తెలుగు నేర్పారు. పెద్దవాళ్ళను అన్నా అనాలని ఒకరు చెబితే, గారు తగిలించాలని ఇంకొకరు చెప్పారట. ఆయన రెండూ కలిపి నన్ను "అన్నాగారూ" అని పిలుస్తాడు. మొదట్లో సరిదిద్దాలనుకున్నాను. తర్వాత ఆ పిలుపులో మర్యాద తక్కువేమీ లేదనిపించి ఊరుకున్నాను.

నవంబరులో ఆయన సెలవు మీద వాళ్ళ ఊరు వెళ్ళి వచ్చాడు. వస్తూ మాకొక అట్టపెట్టె తెచ్చాడు. లోపల పుల్లల మీద గుండ్రటి మిఠాయిలు, అరచేతి వెడల్పున. లోపల దూదిలాంటి తెల్లటి మెత్తటి పదార్థం, పైన చాక్లెట్ పూత, ఆ పూత మీద రంగురంగుల జిగురు మిఠాయితో రెండు కళ్ళు, ఒక నోరు. కాగితం మీద నవ్వుతున్న జోకరు బొమ్మ ముద్రించి ఉంది. లోపలి జోకరుకు ఒక కన్ను నుదుటి మీద, రెండోది చెంప మీద. నోరు దాదాపు చెవి దగ్గర.

"ప్రయాణంలో పాడయిపోయినట్టుంది పాపం," అంది మా ఆవిడ.

"లేదక్కా," అన్నాడు ఆయన. తన తెలుగు చాలనిచోట ఇంగ్లీషు కలుపుతూ చెప్పాడు. "మా ఊళ్ళో కూడా ఇట్టానే ఉంటది. బొమ్మలో ఉన్నట్టు ఎవరికీ రాదు. నేను చిన్నప్పటి నుంచి తింటుండా, ఒక్కసారి కూడా రాలేదు. పూజ అయినాక చర్చి బయట మా నాయనమ్మ కొనిచ్చేది. పిల్లలందరం కాగితం చించి ఎవరిది ఎక్కువ వంకరో చూసుకునేది. ఎక్కువ వంకర వచ్చినవాడు గెలిచినట్టు."

"గెలిస్తే ఏమిస్తారు?" అని అడిగాను.

"ఏమీ ఇవ్వరు అన్నాగారూ. నవ్వుతారు, అంతే."

నేను రుచి చూశాను. చాక్లెట్ పలచన, లోపలిది తియ్యటి గాలి. కొరకడానికి పళ్ళు అక్కర్లేదు. కానీ అంత పేరున్న సరుకు మీద కన్నూ నోరూ కుదురుగా పెట్టలేకపోవడం నాకు నచ్చలేదు. ఆ మాట అనలేదు. అతిథి తెచ్చినదానికి వంక పెట్టం.

మరునాడు సాయంత్రం ఆయన మిగిలిన పెట్టెను మా అరుగు మీద విప్పాడు. వీధిలో పిల్లలు మూగారు. నేను వసారాలో కూర్చుని చూస్తున్నాను. ఒకరి జోకరును చూసి ఇంకొకరు నవ్వుతున్నారు. "నీది మీ మామ మాదిరి ఉండాడు," అంటే "నీది పక్షవాతం వచ్చినోడు," అని జవాబు. కళ్ళను ముందు పీకి తిన్నవాళ్ళు కొందరు, వాటిని చివరికి దాచుకున్నవాళ్ళు కొందరు. తినడం అయ్యాక పుల్లలు కూడా చీకారు. చీకటి పడేముందు మా ఆవిడ అరుగు ఊడిస్తే చీపురుకు ఒక్క ముక్క తగల్లేదు.

ఆమె చీపురు పట్టుకునే నా ముందు నిలబడింది.

"చూసినారా?"

"చూశాను."

"ఆయన్ని అడిగి ఇంకో నాలుగు పెట్టెలు తెప్పిద్దామండీ. ఎవరో ఒకరు వస్తుంటారు గదా ఆ దేశం నించి."

"కొన్న సరుకు మన మెట్టెక్కదు."

"అయితే మెట్టు దిగేదానికి సిద్ధంగా ఉండండి," అని లోపలికి వెళ్ళిపోయింది.

ఈ సంగతి హేచరీ ఆయన చెవిన కూడా పడింది. ఆదివారం ఆరాధన తర్వాత నా దగ్గరికి వచ్చాడు. "అన్నా, ఆ జోకరు మిఠాయి విమానంలో తెప్పిస్తా, చెప్పండి. మా మెక్సికో సారు చేతిలో పని," అన్నాడు. నా మీద అభిమానంతోనే అన్నాడు. ఆ క్షణంలోనే నేను తేల్చుకున్నాను.

"అక్కర్లేదు. మా ఇంట్లో చేయిస్తున్నాం," అన్నాను.

మా ఆవిడ నా పక్కనే ఉంది. నా మాట విని ఆమె అలాగే నిలబడిపోయింది.

"ఏంది చేయిస్తుండేది? ఎవురు చేస్తుండేది? నాకు తెలియకుండా నా వంటింట్లో?" అంది గుమ్మం దాటగానే.

"నువ్వూ నేనూ."

"మీ తాతలు దీవించాల," అని పమిట దోపుకుంది.

మెక్సికో ఆయనను పిలిచి అడిగాం. దాన్ని ఎలా చేస్తారో ఆయనకు తెలియదు. తినడమే తప్ప చేసిన ఇల్లు ఎప్పుడూ చూడలేదన్నాడు. ఫోనులో వెతికి చదివి వినిపించాడు. చక్కెర పాకం, జిలాటిన్, గిలక్కొట్టడం. జిలాటిన్ దేనితో చేస్తారని అడిగితే ఎముకలతో అన్నాడు. ఏ ఎముకలో ఆయనకూ తెలియదు. వరసలో రకరకాల ఇళ్ళ పిల్లలు నిలబడతారు. ఏమి పెడుతున్నామో తెలియకుండా వాళ్ళ చేతుల్లో పెట్టడం మా పద్ధతి కాదు. అది వద్దని, కోడిగుడ్డు తెల్లసొన, చైనా గ్రాస్ వేసి చూద్దామన్నాను. చైనా గ్రాస్ సముద్రపు నాచుతో చేసేది. మా ఆవిడ ఎండాకాలంలో పాలలో వేసి గడ్డ కట్టిస్తుంది.

మొదటిసారి పాకం లేతగా ఉన్నప్పుడే దించమని ఆయన అంటే దించాను. ఫోనులో అలాగే ఉందట. గిలక్కొట్టిన నురగ పళ్ళెంలో పోస్తే కాసేపు నిలబడి, తర్వాత కూలిపోయింది. ఇంకోసారి పోస్తే అదే. మెక్సికో ఆయన ఫోనును అటూ ఇటూ తిప్పుతూ, "డిగ్రీలు చూసేదానికి ధర్మామీటరు కావాలంట," అన్నాడు.

"ఫోను లోపల పెట్టండి," అన్నాను.

రాగి గంగాళం కింద మంట తగ్గించి, పళ్ళెంలో నీళ్ళు పోసుకుని కూర్చున్నాను. పాకం చుక్క వేస్తే కరిగింది. మళ్ళీ వేస్తే సాగింది. ఇంకాసేపటికి చుక్క నీళ్ళలో ఉండ కట్టింది, కానీ నేను ఆగాను. పళ్ళెం అంచుకు కొడితే ఉండ చిన్నగా టక్కుమన్నప్పుడు దించమన్నాను. మా ఆవిడ తెల్లసొన గిలక్కొడుతుంటే నేను పాకాన్ని సన్నటి ధారగా పోశాను. ఆమె చేయి నొప్పి పుడితే మెక్సికో ఆయన కవ్వం అందుకున్నాడు. ఆయన చొక్కా నిండా నురగే. "రొయ్యలకు ఇంత కష్టం లేదక్కా," అంటుంటే మా ఆవిడ, "రొయ్యలు క్రిస్మసుకు వరసలో నిలబడవు గదయ్యా," అంది. నురగ తెల్లగా, బరువుగా, కవ్వానికి అంటుకుని నిలబడింది. ఈసారి పళ్ళెంలో పోస్తే కూలలేదు. ముత్తాత నేతి లడ్లకు పట్టిన గంగాళంలో, అమ్మ నేర్పిన పాకంతో, సముద్రానికి ఆవలి దేశపు మిఠాయి నిలబడింది. దాన్ని చూసి నాకు కలిగిన గర్వాన్ని దాచుకోలేదు. వాళ్ళిద్దరి ముందే గట్టిగా అన్నాను, "ఇది మా పాకం."

క్రిస్మసు ముందు వారం నెల్లూరు వెళ్ళి బేకరీ సామాన్ల అంగడిలో చాక్లెట్ పలకలు, కళ్ళకు టూటీఫ్రూటీ, నోటికి ఎర్రటి చెర్రీలు కొన్నాం. ఎండ ఎక్కకముందే బస్సులో తిరిగి వచ్చాం. చాక్లెట్ ఉన్న సంచి మీద తడిగుడ్డ కప్పి, దాన్ని మా ఆవిడ ఒళ్ళో పెట్టుకుంది. పుల్లలకు తాటాకు ఈనెలు చీల్చి నునుపు చేశాను. ఖర్చెంతయిందని ఆమె బస్సులో అడిగితే నేను చూసుకుంటానన్నాను. ఆమె కిటికీలోంచి బయటకు చూసింది. ఎలా చూసుకున్నానో ఆమెకు అప్పటికే తెలుసు.

పండుగ ముందురోజు మధ్యాహ్నం కల్లా చాక్లెట్ పూత పని అయిపోయింది. అరటి బోదెను ముక్కలుగా కోసి, వాటికి పుల్లలు గుచ్చి, వరసలుగా నిలబెట్టాం. ముఖాలు పెట్టే పని మాత్రం నేను ఎవరికీ ఇవ్వలేదు. రెండు కళ్ళూ ఒక్క మట్టంలో, నోరు సరిగ్గా నడిమిన. చెంచా వెనుక భాగంతో కొలుచుకుంటూ పెట్టాను. ఒక్కదానికి కూడా కన్ను జారలేదు.

సాయంత్రం మెక్సికో ఆయన హేచరీ నుంచి వచ్చి, ఆ వరసల ముందు చాలాసేపు నిలబడ్డాడు.

"అన్నాగారూ, వీళ్ళకు ఏమయింది?"

"ఏమయింది?"

"సావు ఇంటికి వచ్చినోళ్ళ మాదిరి ఉండారు."

మా ఆవిడ నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకుంది. "నేను పొద్దుటి నించి చెబుతుండా. ఇదుగో, ఈయన మా మామగారు. కమిటీలో కూర్చున్నట్టే లేడా? ఈ వరసంతా తాలూకా బోర్డు."

"ఒకటి రెండు వంకరగా పెడదామా?" అని ఆయన మెల్లగా అడిగాడు.

"వంకర సరుకు మా మెట్టు మీద ఎప్పుడూ ఇవ్వలేదు," అన్నాను. ఆ సాయంత్రం అవి నా కళ్ళకు ఎలా కనపడ్డాయో బాగా గుర్తుంది. అన్నీ నిటారుగా, ఒక్క వైపే చూస్తూ, మా వంశంలో మనుషుల్లాగే ఉన్నాయి.

రాత్రికి వాటిని చల్లటి గదిలో ఉంచాం. ఉదయం హేచరీ ఆయన తన ఐసు వ్యాను పంపుతానని కబురు చేశాడు. రొయ్యలు మోసే బండిలో పిల్లల మిఠాయి ఎక్కించనని చెప్పి పంపాను. గంగాళం అడుగున ఐసుగడ్డలు పరిచి, వాటి మీద అరటి బోదెలు నిలబెట్టి, పైన తెల్లటి దుప్పటి కప్పి, తోపుడు బండి మీద చర్చికి తీసుకెళ్ళాం. పాస్టరుగారు బట్టలు మార్చుకునే చిన్న గదిలో దించాం. ఆ గదికి రేకుల కప్పు ఉంది. రోజూ చూసే కప్పే అయినా ఆ పొద్దున అది నా బుర్రకు తట్టలేదు.

ఆరాధన ఎప్పటికంటే ఎక్కువసేపు సాగింది. ప్రసంగం తర్వాత లైట్లు ఇచ్చినందుకు హేచరీ ఆయనను మైకు ముందుకు పిలిచారు. ఆయన వద్దు వద్దంటూనే చాలాసేపు మాట్లాడాడు. నేను నాలుగో వరసలో నిటారుగా కూర్చుని ఐసు గురించి ఆలోచించాను. చివరి పాట మొదలు కాగానే లేచి ఆ గదిలోకి వెళ్ళాను. మా ఆవిడ, మెక్సికో ఆయన నా వెనకే వచ్చారు.

దుప్పటి ఎత్తాం.

ఐసు నీళ్ళయిపోయింది. పైన రేకుల వేడి, కింద నీటి చెమ్మ. చాక్లెట్ కారిపోలేదు, కానీ చెమర్చి మెత్తబడింది. దాని మీద కళ్ళు నడిచాయి. ఒకదానికి కన్ను గడ్డం దగ్గరికి వచ్చేసింది. ఇంకొకదానికి రెండు కళ్ళూ ఒకే చెంప మీద. నోళ్ళన్నీ తలా ఒక దిక్కుకు తిరిగాయి. నేను చెంచాతో కొలిచి పెట్టిన ముఖాల్లో ఒక్కటి కూడా ఉన్నచోట లేదు.

మా ఆవిడ దుప్పటి అంచు వదల్లేదు. "ఏం చేద్దామండీ?" అంది. ఆమె గొంతులో ఎగతాళి లేదు.

ఈలోగా హేచరీ ఆయన మా మీద దృష్టి ఉంచాడేమో, గుమ్మంలోకి వచ్చాడు. గంగాళంలోకి చూశాడు. నిజం చెప్పాలంటే ఆయన ముఖంలో సంతోషం కనపడలేదు.

"అన్నా, నా కారులో చాక్లెట్ డబ్బాలు ఉండాయి. ఎందుకైనా మంచిదని తెచ్చినా. మీ చేతి మీదగానే ఇయ్యండి. ఎవరికీ చెప్పను. మా నాయన మీ ఉప్పు తిన్నాడు."

బయట పాట చివరి చరణానికి వచ్చింది. పిల్లలు అప్పుడే మెట్ల కింద తోసుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది. నాకు ఇసుక మీద కాకులు గుర్తొచ్చాయి.

అప్పుడు మెక్సికో ఆయన వంగి ఒక పుల్ల తీశాడు. కన్ను గడ్డం మీదికి వచ్చినది. దాన్ని వెలుతురు వైపు తిప్పి చూశాడు. ఆయన ముఖం పిల్లవాడి ముఖమయింది.

"ఇది. ఇదే అన్నాగారూ. మా నాయనమ్మ కొనిచ్చేది ఇదే."

నేను ఆ ముఖాన్ని చూశాను. ముందురోజు మా నాన్నలా ఉన్నవాడే. ఒక కన్ను జారి, నోరు పక్కకు పోయి, ఏదో వినకూడని మాట విని నవ్వాపుకుంటున్నట్టున్నాడు. మా నాన్న అలా ఉండడం నేనెప్పుడూ చూడలేదు. చూసి ఉంటే బాగుండేదనిపించింది.

"నీ డబ్బాలు నీ దగ్గరే ఉంచు నాయనా," అన్నాను హేచరీ ఆయనతో. "పాకం మాది, గంగాళం మాది. వంకరయినా నిటారయినా మా ఇంట్లో పుట్టినవే. ఇవే మెట్టెక్కుతాయి."

గంగాళాన్ని ఒక వైపు నేను, ఒక వైపు మెక్సికో ఆయన పట్టుకుని పడమటి మెట్ల మీదికి తెచ్చాం. వీపు నిటారుగా పెట్టి నిలబడ్డాను. వరసలో మొదట పల్లె పిల్ల ఒకతి, పూసల గొలుసు వేసుకుని, రెండు చేతులూ చాపింది. నేను రెండు చేతులతో పెట్టాను. ఆమె దాన్ని చూసింది. నా ముఖం చూసింది. మళ్ళీ దాన్ని చూసి పకపకా నవ్వింది.

"తాతా, వీడికి కన్ను యాడికో పోయింది."

"నీకోసం వెతుక్కుంటూ వస్తుండాడు," అని నా వెనక నుంచి మా ఆవిడ అంది.

అంతే, వరసంతా కదిలింది. అందుకున్నవాళ్ళు పక్కకు తప్పుకోకుండా అక్కడే నిలబడి ఒకరి దాన్ని ఒకరు చూసుకుంటున్నారు. "నాది చూడు," "నాది ఇంకా అన్యాయం," అని కేకలు. ఎవరిది ఎక్కువ వంకరో తేల్చే పంచాయతీకి మెక్సికో ఆయనను పెద్దమనిషిని చేశారు. ఆయన మెట్ల కింద గొంతుక్కూర్చుని ఒక్కొక్కదాన్ని చూసి తీర్పు చెబుతున్నాడు. పిల్లల వెనక తల్లులు, వాళ్ళ వెనక తండ్రులు చేరి, పిల్లల చేతుల్లోంచి లాక్కుని చూసి నవ్వుతున్నారు. హేచరీ ఆయన మనవరాలు తన దాన్ని పైకెత్తి, "ఇది మా తాత మాదిరే ఉండాది," అని అరిచింది. ఆయన దాన్ని అందుకుని తిప్పి చూసి, "నా మాదిరి కాదుమ్మే, మీ ముత్తాత. ఉప్పు మళ్ళలో ఎండకు ఆయన అట్టానే చూసేవాడు," అన్నాడు. ఆ మాట అంటూ నా వైపు చూశాడు. నేను తల ఊపాను.

నేను చివరి పిల్ల దాకా నిలబడే ఉన్నాను. చాక్లెట్ నా వేళ్ళ మీదుగా మణికట్టు దాకా, అక్కణ్ణుంచి తెల్ల చొక్కా చేతి మడత దాకా వచ్చింది. తుడుచుకోలేదు.

పంచడం అయ్యాక పాస్టరుగారి భార్య, మా ఆవిడ ఆవరణంతా తిరిగి చూశారు. ఇసుకలో తాటి ఈనెలు పడి ఉన్నాయి, చీకి చీకి తెల్లబడినవి. మరేమీ లేదు. గోడ మీద కాకులు కొంతసేపు కూర్చుని ఎగిరిపోయాయి. పాస్టరుగారు నా దగ్గరికి వచ్చి చేతులు జోడించి, "వచ్చే ఏడు కూడా మీరే అయ్యగారూ," అన్నాడు. హేచరీ ఆయన పక్కనే నిలబడి, "ఐసు మాత్రం నా దగ్గర తీసుకోండన్నా. కొత్త పెట్టె, రొయ్య ముట్టనిది," అన్నాడు. ఆలోచిస్తానన్నాను.

గంగాళంలో ఒకటి మిగిలింది. ఇంటివాళ్ళ రుచికి. మా ఆవిడ దాన్ని నా చేతికిచ్చింది. దాని రెండు కళ్ళూ నోటి కిందికి దిగి, తలకిందులుగా నవ్వుతున్నట్టుంది. మెట్టు మీద నిలబడే తిన్నాను. అప్పుడు నేను నవ్వానని మా ఆవిడ అంటుంది. మెక్సికో ఆయన కూడా ఆమె పక్షమే. నేను ఒప్పుకోను. పడమటి మెట్టు మీద మా వాళ్ళెవరూ నవ్వలేదు.

ముగ్గురం నడిచి ఇంటికి వచ్చాం. వీధి వాకిలికి మా ఆవిడ కట్టిన పూల పరదా గాలికి లోపలికి, బయటికి ఆడుతోంది. ఆ వాకిట్లోంచి నేను తల వంచకుండానే లోపలికి వెళ్ళాను.

చాక్లెట్ కొన్న వారంలోనే మా బర్మా టేకు తలుపులు రెండూ చెన్నై నుంచి వచ్చిన పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశాం.